పుట్టుక నేరం కాదు: వివక్షతో కూడిన నిర్బంధానికి చట్టం వేసిన అడ్డుకట్టలు

ఒక మనిషిని పట్టి నిర్బంధించేటప్పుడు ప్రభుత్వం తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇతడు ఏమి చేశాడు? ఆ ప్రశ్నకు బదులుగా ఇతడు ఎవరి బిడ్డ, ఏ కులం వాడు, ఏ పేట వాడు అన్న ప్రశ్నలు ముందుకు వచ్చినప్పుడు నిర్బంధం న్యాయరక్షణ సాధనంగా ఉండడం మానివేసి వివక్షా సాధనంగా మారిపోతుంది. చేయని నేరం మోపబడినవాడు తాను ఆ నేరం చేయలేదని సాక్ష్యంతో నిరూపించుకోవచ్చు. కాని ఫలానా కులంలో పుట్టాడన్నదే ఆరోపణ అయినప్పుడు దానిని కాదనడానికి ఎవరి దగ్గరా సాక్ష్యం ఉండదు.

మన దేశంలో ఈ రెండవ తరహా ప్రశ్న ఎనిమిది దశాబ్దాల పాటు శాసనరూపంలోనే అమలు జరిగింది. ఆ శాసనం ఎట్లా పుట్టింది, ఎట్లా రద్దయింది, దాని స్థానంలో రాజ్యాంగం ఏ రక్షణలు కల్పించింది, ఆ రక్షణలు నేటికీ ఎక్కడెక్కడ బలహీనంగా ఉన్నాయి అన్న విషయాలు ప్రతి విద్యార్థి తెలుసుకోదగినవి.

పుట్టుకను నేరంగా ఎంచిన చట్టం

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని తీసుకొనివచ్చింది. మొదట అది వాయవ్య రాష్ట్రాలు, అయోధ్య, పంజాబు ప్రాంతాలలో అమలు జరిగింది. 1876లో బెంగాలుకు విస్తరించింది. 1911లో మరింత కఠినమైన కొత్త చట్టం వచ్చి, మద్రాసు రాజధానితో సహా బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తించింది. 1924లో వీటన్నిటినీ ఒకచోట చేర్చి మరొక చట్టం చేశారు.

ఈ చట్టం పనిచేసిన తీరు విచిత్రమైనది. ఏదైనా ఒక తెగ, ముఠా లేక వర్గం అలవాటుగా నేరాలు చేస్తున్నదని ప్రాంతీయ ప్రభుత్వం భావిస్తే, దానిని నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన చెల్లుతుందా చెల్లదా అని విచారించే అధికారం ఏ న్యాయస్థానానికీ లేదు. ఒకసారి ప్రకటన వెలువడితే ఆ జాతిలోని వారి పేర్లు పుస్తకానికి ఎక్కుతాయి. 1911 చట్టం ప్రకారం వేలిముద్రలు కూడా తీసుకొంటారు. పేరు నమోదైనవారు చెప్పిన వేళకు పోలీసు అధికారి ముందో, గ్రామాధికారి ముందో హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా కనబడితే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. అనుమానాస్పద పరిస్థితులలో దొరికితే మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చు. ప్రభుత్వం తలచుకొంటే ఆ కుటుంబాలను ఒక సెటిల్మెంటులో ఉంచి, పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలకు పంపవచ్చు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఈ నిర్బంధాలలో చాలావాటికి ఎవరూ ఏ నేరమూ చేసి ఉండనక్కరలేదు. తండ్రి పేరు పుస్తకంలో ఉంటే కొడుకు పేరు కూడా యుక్తవయస్సు రాగానే చేరవచ్చు. న్యాయస్థానం శిక్ష విధించిన ఖైదీకి విడుదల తేదీ ఉంటుంది. జాతి కారణంగా పుస్తకానికి ఎక్కినవానికి అటువంటి తేదీ ఏదీ లేదు.

ఈ చట్టానికి గురి అయినవారిలో చాలామంది సంచారజీవులు. ఒకచోట స్థిరంగా నిలవని ప్రజలను పన్నుల లెక్కలోకి, పోలీసు లెక్కలోకి తేవడం కష్టం. స్థిరనివాసం లేనివాడు నమ్మదగినవాడు కాడన్న భావం ఆనాటి పాలకులలో బలంగా ఉండేది. కులవృత్తి తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే సమాజంలో నేరం కూడా అట్లాగే సంక్రమిస్తుందన్న తప్పుడు ఊహ దానికి తోడయింది.

తెలుగునాట సెటిల్మెంట్లు

ఆంధ్ర ప్రాంతంలో ఈ చట్టం వల్ల ఎక్కువగా బాధపడినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. పూర్వం వీరు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తీరప్రాంతానికీ మెట్ట ప్రాంతానికీ మధ్య తిరుగుతూ వర్తకం చేసేవారు. బుట్టలు, తట్టలు అల్లేవారు. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో రైలుమార్గాలు పడడంతోను, ఉప్పు మీద ప్రభుత్వ నియంత్రణ బిగియడంతోను వీరి వర్తకం దెబ్బతిన్నది. బ్రతుకుతెరువు పోయిన ప్రజలను ఆదుకోవలసింది పోయి, వారి సంచారాన్నే అనుమానానికి కారణంగా పాలకులు భావించారు.

1911 చట్టం వచ్చిన తరువాత మద్రాసు రాజధానిలో సెటిల్మెంట్లు వెలిసినవి. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు, నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీవారు వీటిని నిర్వహించారు. స్టూవర్టుపురం అన్న పేరు ఆనాటి మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరుమీద వచ్చింది. సెటిల్మెంట్లలో బడులు, వైద్యసదుపాయం, కొంత సాగుభూమి, చేతిపనులు ఉండేవి. సమీపంలోని చీరాల పొగాకు కర్మాగారంలో స్టూవర్టుపురం వారు కూలికి వెళ్ళేవారు. మేలు చేయాలన్న సంకల్పం నిర్వాహకులలో ఉండి ఉండవచ్చు. కాని ఆ మేలుకు హాజరుపట్టీ, పాసు కాపలాగా ఉండేవి. అనుమతి లేకుండా బయటికి పోవడం శిక్షార్హం. కూలిరేటు నచ్చలేదని మరొకచోటికి పోయే స్వేచ్ఛ లేని కూలివాని శ్రమకు బేరమాడే శక్తి ఎక్కడనుండి వస్తుంది? ఊరి పేరు చెబితేనే చుట్టుపక్కలవారు అనుమానంగా చూసే పరిస్థితి సెటిల్మెంటు గోడలు పోయిన తరువాత కూడా చాలాకాలం కొనసాగింది.

ప్రజలు దీనిని మౌనంగా భరించలేదు. తమిళదేశంలో మదురై జిల్లా పెరుంగామనల్లూరు గ్రామంలో 1920 ఏప్రిల్ 3న కళ్ళర్లు పేర్ల నమోదును ప్రతిఘటించినప్పుడు పోలీసులు కాల్పులు జరపగా పదిమందికి పైగా మరణించారు. నెల్లూరు ప్రాంతంలో వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య, ఇతర గిరిజనుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేస్తూ ఈ చట్టం రద్దు కావాలని ఉద్యమించారు. 1936లో నెల్లూరుకు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టం పౌరస్వేచ్ఛకే విరుద్ధమనీ, ఏ జాతినీ మొత్తంగా నేరజాతి అనడం తగదనీ విమర్శించారు.

రద్దు

స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమైన 1947లోనే మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని తన పరిధిలో రద్దు చేసింది. 1949లో కేంద్రప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షులు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తిరుపతి ప్రాంతానికి చెందిన ఈయన తరువాతికాలంలో లోక్‌సభ స్పీకరుగా ప్రసిద్ధులు. దేశమంతటా పరిశీలించిన మీదట ఆ సంఘం చట్టాన్ని పూర్తిగా రద్దు చేయాలనీ, పదేపదే నేరం చేసేవారి నియంత్రణకు చట్టం కావాలనుకొంటే అది కులంతో పుట్టుకతో నిమిత్తం లేకుండా అందరికీ సమానంగా వర్తించాలనీ సిఫార్సు చేసింది. విడుదలైన కుటుంబాల పునరావాసానికి, పిల్లల చదువుకు ప్రభుత్వం డబ్బు కేటాయించాలని కూడా సూచించింది.

1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. నాటినుండి ఆ సముదాయాలు విముక్త జాతులు అనే పేరు పొందాయి. దేశానికి 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వస్తే, వీరికి అది మరో ఐదేళ్ళకు గాని అందలేదు. ఆగస్టు 31ని అనేక ప్రాంతాలలో విముక్తి దినంగా జరుపుకోవడంలోని అర్థం ఇదే.

రాజ్యాంగం గీసిన హద్దులు

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం, మనిషిని నిర్బంధించే అధికారానికి పలు వైపులనుండి హద్దులు గీసింది. 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులని చెప్పింది. 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణాల మీద మాత్రమే రాజ్యం ఏ పౌరునిపట్లా వివక్ష చూపరాదని నిషేధించింది. 19వ అధికరణం దేశమంతటా సంచరించే హక్కును, ఎక్కడైనా నివసించే హక్కును పౌరులకు ఇచ్చింది. ఊరు దాటడానికి పాసు అడిగిన చట్టానికి ఇది నేరుగా సమాధానం. 21వ అధికరణం, చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ వ్యక్తిస్వేచ్ఛనూ హరించరాదని శాసించింది.

15వ అధికరణం ఎంత నిక్కచ్చిగా పనిచేస్తుందో 1960 నాటి ఒక తీర్పు చూపుతుంది. రాజస్థాన్‌లోని ఝుంఝునూ జిల్లాలో కొన్ని గ్రామాలలో అదనపు పోలీసు బలగాన్ని ఉంచి, ఆ ఖర్చును గ్రామస్థుల నుండి వసూలు చేయాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయితే హరిజనులకు, ముస్లింలకు మినహాయింపు ఇచ్చింది. సుప్రీంకోర్టు ఆ మినహాయింపు భాగాన్ని కొట్టివేసింది. మిగిలిన కులాలలో కూడా శాంతియుతంగా మెలగినవారు ఉంటారు. వారిని కులాన్ని బట్టి దోషుల వరుసలో చేర్చడం చెల్లదన్నది అందులోని న్యాయం. అనుమానాన్ని ఒక సముదాయం మొత్తానికి పంచిపెట్టే హక్కు ప్రభుత్వానికి లేదన్న సూత్రం ఏ కులం విషయంలోనైనా ఒకటే.

21వ అధికరణం కథ మరింత దీర్ఘమైనది. 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు దానిని ఇరుకైన అర్థంలో చదివింది. శాసనసభ ఏ పద్ధతి పెడితే అది చాలునన్నది ఆ తీర్పు సారాంశం. 1978లో మేనకా గాంధీ కేసులో ఈ దృష్టి మారింది. పద్ధతి న్యాయమైనదిగా, సముచితమైనదిగా, సహేతుకమైనదిగా ఉండాలనీ, 14, 19, 21 అధికరణాలను విడివిడిగా కాక కలిపి చదవాలనీ కోర్టు నిర్ణయించింది. అప్పటినుండి నిర్బంధం చట్టబద్ధమైతే చాలదు. అది వివక్ష లేనిదై కూడా ఉండాలి.

అరెస్టు సమయంలోని రక్షణలు

రాజ్యాంగ నిర్మాణ సభలో 1949 సెప్టెంబరులో డాక్టర్ అంబేద్కర్ ప్రతిపాదించిన నిబంధన నేటి 22వ అధికరణంగా రూపొందింది. అరెస్టయిన వ్యక్తికి అది మూడు ముఖ్యమైన హక్కులు ఇస్తుంది. ఎందుకు పట్టుకొన్నారో వీలైనంత త్వరగా చెప్పాలి. తనకు ఇష్టమైన న్యాయవాదిని సంప్రదించే అవకాశం ఇవ్వాలి. ప్రయాణానికి పట్టే కాలం మినహా 24 గంటలలోగా సమీప మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా అంతకు మించి నిర్బంధంలో ఉంచరాదు.

వివక్షను అరికట్టడంలో ఈ మూడింటికీ ఒక్కొక్కదానికి ఒక్కొక్క పాత్ర ఉంది. కారణం చెప్పవలసి వచ్చినప్పుడు, ఫలానా జాతివాడు కాబట్టి అన్న సమాధానం చెల్లదు. చేసిన పని ఏమిటో చెప్పక తప్పదు. న్యాయవాది వచ్చినప్పుడు ఆ కారణం నిజమా కాదా అన్న విచారణ మొదలవుతుంది. మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడు పోలీసు శాఖకు చెందని ఒక కన్ను ఆ నిర్బంధాన్ని చూస్తుంది.

న్యాయస్థానాలు ఈ హక్కులను క్రమంగా విస్తరించాయి. అరెస్టు చేసే అధికారం ఉండడం వేరు, చేయవలసిన అవసరం ఉండడం వేరని 1994లో జోగిందర్ కుమార్ కేసు చెప్పింది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పోలీసులు పాటించవలసిన పదకొండు సూత్రాలు నిర్దేశించింది: అరెస్టు చేసే అధికారి పేరు కనబడేటట్లు ధరించాలి, సాక్షి సంతకంతో అరెస్టు పత్రం రాయాలి, బంధువుకు కబురు చేయాలి, నిర్బంధంలో వైద్యపరీక్ష జరిపించాలి. ఏడేళ్ళ వరకు శిక్ష పడదగిన నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదనీ, ఎందుకు అవసరమైందో కారణాలు రాయాలనీ 2014లో అర్నేశ్ కుమార్ కేసులో ఆదేశించింది. అరెస్టు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టు చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. కారణాలను నిందితునికి అర్థమయ్యే భాషలో లిఖితపూర్వకంగా ఇవ్వాలని అదే సంవత్సరం నవంబరులో మరొక తీర్పు చెప్పింది. పలు భాషల దేశంలో ఈ చివరి మాటకు ఎంతో విలువ ఉంది. బ్రతుకుతెరువు కోసం పరరాష్ట్రం వెళ్ళిన కూలివానికి తెలియని లిపిలోని కాగితం రక్షణ ఇవ్వలేదు.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ సూత్రాలలో అనేకం చేరాయి. అందులోని 35వ సెక్షను ప్రకారం చాలా కేసులలో అరెస్టుకు బదులు హాజరు కమ్మని నోటీసు ఇవ్వవచ్చు. 47వ సెక్షను కారణాలు చెప్పాలంటుంది. 48వ సెక్షను బంధువులకు తెలపాలంటుంది. 58వ సెక్షను 24 గంటల గడువును నిర్దేశిస్తుంది. 187వ సెక్షను ప్రకారం నేరతీవ్రతను బట్టి 60 లేక 90 రోజులలోగా అభియోగపత్రం దాఖలు కాకపోతే, జామీను ఇవ్వగల నిందితుడు విడుదలకు హక్కుదారు అవుతాడు.

పేదవానికి న్యాయవాది ఎక్కడ దొరుకుతాడన్న ప్రశ్నకు కూడా చట్టంలో సమాధానం ఉంది. 1976లో చేర్చిన 39ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని రాజ్యం బాధ్యతగా చేసింది. 1979లో హుసేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళలో విచారణ లేకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్న పేద ఖైదీల సంగతి వెలుగులోకి వచ్చింది. సత్వర విచారణ 21వ అధికరణంలో భాగమని కోర్టు ప్రకటించింది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలవారు, షెడ్యూల్డు తెగలవారు, స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. 15100 అనే నంబరుకు ఫోను చేసి ఈ సహాయం కోరవచ్చు.

విచారణ లేని నిర్బంధం

22వ అధికరణంలోనే ఒక మినహాయింపు ఉంది. నేరం చేసినందుకు కాక, చేయకుండా నివారించడానికి ప్రభుత్వం ఒకరిని నిర్బంధించవచ్చు. దీనిని నివారక నిర్బంధం అంటారు. ఇటువంటి నిర్బంధంలో 24 గంటల నియమం, న్యాయవాదిని సంప్రదించే హక్కు వర్తించవు. అందువల్లనే వివక్షకు ఇక్కడ అవకాశం ఎక్కువ. భవిష్యత్తులో ఏమి చేస్తాడో అన్న ఊహలోకి మనిషి కులం, పేట, పాతపేరు సులభంగా దూరగలవు. అయినా రాజ్యాంగం ఇక్కడ కూడా కొన్ని కట్టుబాట్లు విధించింది. నిర్బంధానికి కారణాలు తెలపాలి. వాటికి సమాధానం చెప్పుకొనే అవకాశం వెంటనే ఇవ్వాలి. మూడు నెలలకు మించి నిర్బంధించాలంటే సలహా మండలి అభిప్రాయం కావాలి.

తెలుగు ప్రాంతంలో 1986 నాటి రాష్ట్ర చట్టం కింద ఇటువంటి ఉత్తర్వులు ఎక్కువగా వెలువడ్డాయి. మామూలు చట్టంతో అదుపు చేయగల వ్యవహారంలో నివారక నిర్బంధాన్ని వాడడాన్ని 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తీవ్రంగా ఆక్షేపించి, తెలంగాణ అధికారుల ఉత్తర్వును రద్దు చేసింది. సలహా మండలి మొక్కుబడిగా సంతకం చేయరాదనీ, ప్రతి కారణాన్నీ తర్కించి చూడాలనీ 2024 మార్చిలో అదే రాష్ట్రానికి చెందిన మరొక కేసులో చెప్పింది.

అక్రమ నిర్బంధానికి అంతిమ విరుగుడు హెబియస్ కార్పస్ రిట్టు. నిర్బంధంలో ఉన్న వ్యక్తిని తెచ్చి చూపి, ఏ అధికారంతో నిర్బంధించారో చెప్పండని 32వ అధికరణం కింద సుప్రీంకోర్టు, 226వ అధికరణం కింద హైకోర్టు అడగగలవు. ఖైదీ తరఫున బంధుమిత్రులు కూడా ఈ రిట్టు కోరవచ్చు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 నాటి జబల్పూరు కేసులో, ఈ తలుపు మూసుకొనిపోయింది. ఆ అనుభవం తరువాత 1978లో జరిగిన 44వ రాజ్యాంగ సవరణ, అత్యవసర పరిస్థితిలో సైతం 20, 21 అధికరణాల అమలును నిలుపుదల చేయడానికి వీలు లేకుండా చేసింది. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. నిర్దోషిగా తేలిన తరువాత 14 ఏళ్ళు బీహారు జైలులో ఉండిపోయిన ఒక వ్యక్తికి 1983లో 35,000 రూపాయలు ఇప్పించడంతో, అక్రమ నిర్బంధానికి ప్రభుత్వం పరిహారం చెల్లించాలన్న సూత్రం కూడా స్థిరపడింది.

మిగిలిపోయిన నీడ

ఇన్ని రక్షణలున్నా పాత పుస్తకంలోని సిరా పూర్తిగా ఆరిపోలేదు. నేరస్థ జాతుల చట్టం స్థానంలో పలు రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు చేశాయి. మద్రాసులో 1948లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1962లోను అట్టి చట్టాలు వచ్చాయి. కాగితం మీద ఇవి జాతిని కాక, ఒక వ్యక్తికి ఎన్నిసార్లు శిక్ష పడిందన్న విషయాన్ని చూస్తాయి. ఆచరణలో మాత్రం పాత అనుమానం కొత్త పేరుతో అవే గుడిసెల ముందుకు వచ్చి నిలిచిన సందర్భాలు అనేకం. 1998లో పశ్చిమబెంగాల్‌లోని పురూలియా జిల్లాలో ఖేరియా శబర తెగకు చెందిన ఒక యువకుడు పోలీసు నిర్బంధంలో మరణించాడు. ఆ తెగవారి సంక్షేమసంఘం, ప్రసిద్ధ రచయిత్రి మహాశ్వేతాదేవి పట్టుబట్టి ఆ విషయాన్ని కలకత్తా హైకోర్టు ముందుకు తీసుకొనిపోగా, కుటుంబానికి పరిహారం చెల్లించవలసిందిగా కోర్టు ఆదేశించింది.

ఈ నీడను సుప్రీంకోర్టు 2024లో రెండు తీర్పులలో నేరుగా ప్రస్తావించింది. మే నెలలో ఢిల్లీకి చెందిన అమానతుల్లా ఖాన్ కేసులో హిస్టరీ షీట్ల విషయం పరిశీలించింది. వెనుకబడిన వర్గాలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు చెందిన నిరపరాధుల పేర్లు కేవలం వారి సామాజిక నేపథ్యం కారణంగా పోలీసు రికార్డులకు ఎక్కుతున్నాయేమో అన్ని రాష్ట్రాలూ చూసుకోవాలని చెప్పింది. అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో మరింత విపులమైన తీర్పు వెలువడింది. కొన్ని రాష్ట్రాల జైలు నియమావళులు ఖైదీలకు కులాన్ని బట్టి వంటపని, పాకీపని పంచుతున్నాయనీ, విముక్త జాతులవారిని ఇప్పటికీ అలవాటు నేరస్థుల వరుసలో చూస్తున్నాయనీ ఒక పాత్రికేయురాలు కోర్టు దృష్టికి తెచ్చారు. ఆ నిబంధనలన్నీ రాజ్యాంగవిరుద్ధమని కోర్టు కొట్టివేసింది. ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తీసివేయాలనీ, మూడు నెలలలో నియమావళులను సవరించాలనీ, విముక్త జాతులవారిని పోలీసులు అకారణంగా అరెస్టు చేయకుండా చూడాలనీ ఆదేశించింది.

కులాన్ని ఎక్కడా పేర్కొనని నిబంధన కూడా ఒక్కోసారి ఇదే ఫలితాన్ని ఇవ్వగలదు. నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మరణశిక్ష గాని యావజ్జీవ శిక్ష గాని పడదగిన నేరాలు మినహా, గరిష్ఠ శిక్షలో సగకాలం జైలులో గడిపిన విచారణ ఖైదీకి జామీను ఇవ్వాలి. మొదటిసారి నేరారోపణకు గురి అయినవానికి మూడవవంతు కాలం చాలు. కాని ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉన్నవానికి ఈ సౌకర్యం లేదు. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందుగా ఫలానా పేటకే పోలీసులు వెళ్ళేటట్లయితే, అక్కడి యువకుని పేరుమీద ఒక్క శిక్ష పడకుండానే పలు కేసులు పేరుకొనిపోతాయి. అప్పుడు చట్టం ఇచ్చిన ఉపశమనం అతనికి అందదు. వివక్ష మొదలయ్యే చోటు అరెస్టు. దాని ఫలితం మాత్రం జామీను నాడు, తీర్పు నాడు, విడుదలైన తరువాత పని వెదుక్కొనేనాడు కూడా వెంటాడుతుంది. అందుకే మొదటి మెట్టులోనే దానిని ఆపవలసి ఉంటుంది. షెడ్యూల్డు కులాల, తెగలవారి మీద దురుద్దేశంతో అబద్ధపు కేసులు పెట్టడాన్ని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా పరిగణిస్తున్నది. ఎరుకల, యానాదివంటి షెడ్యూల్డు తెగలకు ఈ రక్షణ ఉంది. విముక్త జాతులలో కొన్ని ఏ షెడ్యూలులోను లేనందున వాటికి ఇది అందడం లేదు.

పౌరుల బాధ్యత

ఇరుగుపొరుగు దేశాల రాజ్యాంగాలు కూడా ఈ సూత్రాలను స్వీకరించాయి. అరెస్టయినవారిని 24 గంటలలో మేజిస్ట్రేటు ముందుంచాలన్న నియమం పాకిస్తాన్, బంగ్లాదేశ్ రాజ్యాంగాలలోను ఉంది. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన ఎవరినీ నిరంకుశంగా నిర్బంధించరాదని చెప్పింది. ఒకే వలస పాలన కింద నలిగిన ప్రజలు స్వతంత్రులై తమ మూలశాసనాలలో ఇట్టి రక్షణలను రాసుకోవడం యాదృచ్ఛికం అనుకోలేము.

అయితే మూలశాసనంలోని వాక్యం పోలీసు స్టేషను గుమ్మం దాటి లోపలికి పోవాలంటే దానిని తెలిసినవాడు ఒకడు ఆ గుమ్మం దగ్గర ఉండాలి. కారణం ఏమిటని అడిగే బంధువు, 24 గంటల లెక్క చూసే పొరుగువాడు, న్యాయసహాయం కోసం అర్జీ రాసిపెట్టే ఉపాధ్యాయుడు లేక విద్యార్థి, రిమాండు కాగితం మీద సంతకం చేసేముందు నిందితునితో రెండు మాటలు మాట్లాడే మేజిస్ట్రేటు: వీరిలో ఎవరు లేకపోయినా ఆ వాక్యం పుస్తకంలోనే మిగిలిపోతుంది. పత్రికలో దొంగతనం వార్త రాసేవారు నిందితుని పేరు పక్కన అతని జాతిపేరు చేర్చకుండా ఉండడం, బడిలో ఒక వస్తువు పోయినప్పుడు ఫలానా పేట పిల్లవాని సంచీని ముందుగా వెదకకుండా ఉండడం కూడా ఇదే కోవలోనివి. 1871లో శాసనంగా మారిన అనుమానం అంతకుముందు మనుషుల చూపులలో పుట్టినదే. శాసనం రద్దయి డెబ్బై ఏళ్ళు దాటింది. మనుషుల చూపులలోని అనుమానం రద్దు కావడానికి గెజెట్ ప్రకటన చాలదు. ఎవరిని గురించి అయినా ముందుగా అతడు ఏమి చేశాడన్న ప్రశ్ననే అడగడం సమాజానికి అలవాటు కావాలి.